నాయన ఇంజనుకు ఏ పెట్టె

మా నాయనకు చెవులు సరిగా వినపడవన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఆయన లెక్కలో ఆయన చెవులు బాగానే ఉన్నాయి, మేమే గొణుగుతున్నాం. టీవీలో వార్తలు చదివేవాళ్లు గొణుగుతున్నారు, చర్చిలో పాస్టరుగారు గొణుగుతున్నారు, ఇక ఫోన్లో మాట్లాడేవాళ్లయితే మరీ అన్యాయం. కర్నూలు శివార్లలో రేకుల షెడ్డు కింద నలభై ఏళ్లు లారీ ఇంజన్ల పక్కన నిలబడితే ఎవరి చెవులైనా పోతాయి. ఆ మాట ఆయన ముఖం మీద అనే ధైర్యం మాత్రం నాకు లేదు. నాకు కోపం ఎక్కువ, ఆయనకు నాకంటే ఒక పాలు ఎక్కువ.

ఒకప్పుడు ఆయన చెవి కోసమే బండ్లు వచ్చేవి. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని ఏ సిలిండర్లో ఏం తేడా ఉందో చెప్పేవాడు. రెండేళ్ల కిందట పత్తికొండ మార్కెట్టుకు టమేటాలు తోలే ఒక చిన్న లారీ వచ్చింది. ఏదో శబ్దం వస్తోందని డ్రైవరు అంటే, ఈయన అట్లాగే స్క్రూడ్రైవరు పెట్టి విని "ఏం ల్యాదు పో" అని పంపాడు. మూడో రోజు నిండు సరుకుతో దారిలో బేరింగు పోయి బండి ఆగిపోయింది. ఎండలో టమేటాలు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. ఆ బండి యజమాని మా నాయనను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా నాయన ఆ ఇంజను ఊరికే బాగుచేసి ఇచ్చి, ఆ వారమే షెడ్డు ఓనరుకు కబురు పంపాడు. "ఒగ ఇంజను చేతిలో ఉండాది. అది తిరిగితే ఖాళీ చేస్తా." మాతో మాత్రం వయసైపోయిందన్నాడు. నాకు భయం వేసింది. తెల్లారుజామున ఐదుకు లేచి షెడ్డుకు పోయే మనిషి రేపటి నుంచి లేచి ఎక్కడికి పోవాలి? ఇంట్లో కూర్చుంటే ఏడాదిలో ముసలివాడైపోతాడు. ఆ షెడ్డు ఖాళీ కాకూడదని నేను అప్పుడే అనుకున్నాను, ఎట్లా ఆపాలో మాత్రం తెలియలేదు.

ఆయన చేతిలో ఉన్న ఆ ఒక్క ఇంజను మా ఆయన కారుది. మా ఆయన తుమ్మలపల్లె గనిలో యంత్రాల మరమ్మతు చూస్తాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం కర్నూలు వస్తాడు. స్టీరింగు ముందు కూర్చుంటే తప్ప చాలా నెమ్మదస్తుడు. ఏడాదికి రెండుసార్లు బెంగుళూరు పక్కన ట్రాక్ మీద తోలడానికని ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. "బతుకంతా ఒకరి బండ్లకు చేసినా, ఒగటి నా ఇష్టానికి చేస్తా" అని మా నాయన దాన్ని విప్పాడు. గట్టి పిస్టన్లు తెప్పించాడు, టర్బో ఎక్కించాడు. టర్బో అంటే బయటికి పోయే పొగ ఊపుతో గిర్రున తిరిగి, ఇంజనులోకి మామూలుకంటే ఎక్కువ గాలిని కూరే చక్రం. ఎక్కువ గాలి పోతే ఎక్కువ పెట్రోలు పోయాలి, నిప్పురవ్వ పడే క్షణం మార్చాలి. ఇవన్నీ చూసే కంప్యూటర్ పెట్టె ఒకటి కారులో ఉంటుంది. కంపెనీవాళ్లు పెట్టిన పెట్టెకు కంపెనీ గాలి లెక్కే తెలుసు. అందుకని కొత్త పెట్టె కావాలి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను కాబట్టి, ఏ పెట్టె కొనాలన్న తలనొప్పి నాకు వచ్చింది.

మా ఆయనకు చిన్న పెట్టె చాలన్న ఆశ. అది పాత కంప్యూటరుకూ సెన్సర్లకూ మధ్యలో కూర్చుంటుంది. సెన్సరు చెప్పిన అంకెను కొంచెం మార్చి పాత కంప్యూటరుకు చెబుతుంది, అది నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నచ్చకపోతే పీకేసి కారును మునుపటిలా చేసుకోవచ్చు. ఆదివారం భోజనాల దగ్గర ఇదంతా నేను మా నాయన ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

"అంటే అది అబద్ధాలు చెప్తాదన్నమాట" అన్నాడు.

"అబద్ధమంటే అబద్ధం కాదు మామా, కొంచెం సవరించి" అన్నాడు మా ఆయన.

"నా ఇంజనుకాడ అబద్ధాలు చెప్పే పెట్టె వద్దప్పా. నిజం చెప్పేదే తేండి, ల్యాకుంటే తేవద్దు."

అప్పుడే చర్చి నుంచి వచ్చిన మనిషితో వాదించడం కుదరదు. పాత కంప్యూటరును పూర్తిగా తీసేసి, దాని పనంతా తనే చేసే పెట్టె కోసం వెతకడం మొదలుపెట్టాను.

విదేశాల నుంచి వచ్చే పెట్టె ఒకటి చూశాను. దాని గుణగణాలు చదువుతుంటే కాలేజీలో మూడు పీరియడ్లు తెలియకుండానే గడిచిపోయాయి. అది అమ్మే అతను ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏ వేగంలో ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పురవ్వ అన్న పట్టిక తామే రాసి, దానికి తాళం వేసి ఇస్తామన్నాడు. మార్చాలంటే కారును బెంగుళూరు తీసుకుపోవాలి.

"ఇల్లు మాది, తాళంచెవి మీ దగ్గరా" అన్నాను.

"అందరూ ఇట్లాగే తీసుకుంటారు మేడం" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత కోపం తగ్గాక, పాపం అతని తప్పేముందనిపించింది. తప్పుగా రాసుకుని ఇంజను పగలగొట్టుకునే నాబోటివాళ్లు అతనికి బోలెడుమంది తగిలి ఉంటారు.

చివరికి బెంగుళూరులోనే ఒక చిన్న గదిలో ఇద్దరు ఇంజనీర్లు చేతితో తయారుచేసే పెట్టె దొరికింది. చూడటానికి టిఫిన్ డబ్బాలా ఉంటుంది. ఫోన్ ఎత్తినతను ధర చెప్పలేదు, ఊరూ అడగలేదు. "మీ క్రాంక్ చక్రానికి ఎన్ని పళ్లున్నాయి, ఎన్ని లేవు" అని అడిగాడు. ఇంజను ఏ క్షణంలో ఎక్కడ తిరుగుతోందో పెట్టెకు తెలిసేది ఆ పళ్లు, వాటి మధ్య కావాలని వదిలిన ఖాళీల లెక్కతోనే. నాకు తెలియదు. షెడ్డుకు పోయి, కారు కిందికి దూరి, చేతికి గ్రీజు పూసుకుని లెక్కపెట్టి మళ్లీ ఫోన్ చేశాను. నాతో పని చేయించిన ఆ ప్రశ్నతోనే అతని మీద గురి కుదిరింది. పట్టిక మన చేతిలోనే ఉంటుంది, తాళం లేదు, పాడైతే బస్సులో పంపొచ్చు.

దానికి నాకింగ్ సెన్సరు పెట్టుకునే చోటు కూడా ఉంది. సిలిండర్లో గాలి మరీ వేడెక్కితే నిప్పురవ్వ సంగతితో పనిలేకుండా పెట్రోలు తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు టిక టికమంటుంది. అట్లా కాసేపు పోనిస్తే పిస్టనుకు బెజ్జం పడుతుంది. ఆ శబ్దాన్ని పసిగట్టే సెన్సరు అది.

"అది దేనికిలే, మామ ఉన్నాడు గదా" అన్నాడు మా ఆయన. గౌరవంతోనే అన్నాడు పాపం. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మా నాయన ఆ మాట విన్నాడో, మా ముఖాలు చూసి కనిపెట్టాడో తెలియదు, స్పానరు తుడిచి పక్కన పెట్టాడు.

"పెట్టు పాపా. చోటుండాది గదా" అని, రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్యన బొటనవేలు పెట్టి చూపించాడు. "ఈడ పెట్టు. ఈడైతే నాలుగూ తెలుస్తాయి."

వైరింగు పనికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత పట్టిక రాయడం. ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీల కోసం రాళ్లగుట్టల మధ్య వెడల్పాటి రోడ్లు వేసి పెట్టారు. కొన్ని చోట్ల రోడ్లు వచ్చాయిగానీ ఫ్యాక్టరీలు ఇంకా రాలేదు. అక్కడి కాపలా ఆయనను బతిమాలి, ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఏడున్నరకు ముగించేవాళ్లం. తొమ్మిదిన్నరకు ఆరాధన ఉంటుంది, పైగా వేసవి. మా ఊళ్లో వేసవిలో బుద్ధి ఉన్నవాళ్లెవరూ ఎనిమిది దాటాక బయట పని పెట్టుకోరు. మా ఆయన తోలేవాడు, నేను పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో అంకెలు మార్చేదాన్ని. ఆరు ఆదివారాలకు కారు వెన్నలా సాగింది. తెర మీద నాకింగ్ సెన్సరు గీసే గీత ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నేను తలెత్తుకుని తిరిగాను.

ఏడో ఆదివారం పొద్దున్నే పోతే కాపలా ఆయన గేటు తీయలేదు. "ఈపొద్దు పెద్ద సార్లు వస్తాండారు మేడమ్. మద్దేనం రాండి, ఎవురూ ఉండరు." చర్చికి పోయి, తిని, రెండు గంటలకు బయలుదేరాం. మా నాయన కూడా వస్తానన్నాడు. ఇంజను తిరిగింది కదా, ఒకసారి కళ్లారా చూసి షెడ్డు సంగతి తేల్చేద్దామని వస్తున్నాడని నాకు అర్థమైంది. దారి పొడవునా మనసు బాగాలేదు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. కారు డోరు పిడి ముట్టుకుంటే కాలుతోంది. ఆయనను కాపలా గది నీడలో కూర్చోబెట్టి మేం మొదలుపెట్టాం. మూడో గేరులో టర్బో అందుకునేసరికి, అన్నాళ్లూ పడుకున్న ఆ గీత నిలువునా లేచింది.

"కాలెత్తు, కాలెత్తు" అని నేను మా ఆయన తొడ మీద ఒక్కటి చరిచాను.

కారు ఆగింది. ఇంజను చప్పుడులో మాకిద్దరికీ ఆ టిక టిక వినపడనే లేదు. తెర మీద గీత మాత్రం అక్కడే ఉంది. రెండు నిమిషాలకు నా తప్పు నాకు తెలిసింది. గాలి వేడిని బట్టి నిప్పురవ్వను వెనక్కి జరపడానికి పట్టికలో ఒక వరుస ఉంది. తెల్లవారుజామున ఆ వరుసతో పనే పడలేదు. వేడి అంకెల దగ్గరంతా నేను సున్నాలు వదిలేశాను. కర్నూల్లో పుట్టి పెరిగి, ఎండను లెక్కలో వేసుకోవడం మరిచిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకాసేపు పోనిచ్చి ఉంటే మా నాయన ఏడాది కష్టానికి బెజ్జం పడేది, ఆయన మనసు విరిగి షెడ్డుకు ఆరోజే తాళం పడేది.

మా నాయన టవలు నెత్తిన వేసుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. "ఏమైంది?"

నేను చెప్పబోయాను. నా తప్పును చెవి దగ్గర అరిచి చెప్పడం నావల్ల కాలేదు. లాప్‌టాప్‌ను ఆయన చేతుల్లో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. ఏ గీత ఏమిటో వేలితో చూపించాను. ఇది వేగం, ఇది టర్బో ఒత్తిడి, ఇది గాలి వేడి. ఆఖరు గీత మీద వేలు పెడితే ఆయన నా చెయ్యి పక్కకు జరిపాడు.

"ఇది నాకింగు" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. గీతను వెనక్కీ ముందుకీ జరిపించి చూశాడు. "మూడు వేల ఐదొందల చుట్లు దాటినాక మొదలైతాండాది. దానికి ముందు ల్యాదు. ప్లగ్గులు విప్పండి."

బానెట్ మీద గుడ్డ పరిచి, నిప్పురవ్వ వేసే నాలుగు ప్లగ్గులూ వరుసగా పెట్టాం. మూడింటి మీద ఏమీ లేదు. మూడో సిలిండరుదాని మీద మాత్రం మిరియాల పొడి చల్లినట్టు సన్నటి మచ్చలు.

"మూడోదే. నీళ్లు దానికాడికి తిరిగేసరికి వేడెక్కతాండాయి. ఇంజను చెడలేదు పాపా, ఇంగా ఏం కాలేదు. రవ్వ వెనక్కి జరుపు. నీళ్ల దారి నేను చూసుకుంటా."

ఆ వరుసలో అంకెలు వేయడానికి నాకు అరగంట పట్టింది. ఆయన పక్కనే నిలబడి ఒక్కో అంకె చూస్తూ "ఇంగొంచెం", "చాల్లే" అంటూ ఉన్నాడు. రెండోసారి మా ఆయన పక్కన నేను కూర్చోలేదు, మా నాయనను కూర్చోబెట్టాను. కాపలా గది దగ్గర నిలబడి చూస్తుంటే కారు గుట్టల మధ్య చిన్న చుక్కై, తిరిగి పెద్దదై వచ్చింది. దిగినప్పుడు ఆయన ముఖం నేను చాలా ఏళ్లుగా చూడని ముఖం. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. లాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు, కింద పెట్టడం లేదు.

"గీత పడుకున్యాది" అన్నాడు. "పొద్దున చూసింటే మనకు తెలిసేదే కాదు."

ఇంటికి పోతూ, ఆ సెన్సరు డీజిలు బండికి పనిచేస్తుందా అని అడిగాడు. ఇదే సెన్సరు కాకపోయినా, అట్లాంటిది పెట్టి బేరింగు శబ్దం చూసుకోవచ్చని చెవి దగ్గర అరిచి చెప్పాను.  షెడ్డు సంగతి మాత్రం నేను అడగలేదు, అడిగితే ఏం చెబుతాడోనని.

సోమవారం కాలేజీకి పోతూ షెడ్డు దగ్గర ఆగాను. ఆయన రేడియేటరు విప్పుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు.

"షెడ్డు ఓనరుకు ఫోన్ చేసి చెప్పు పాపా. ఖాళీ చేయనని."

"నువ్వే చెప్పొచ్చు కదా నాయనా" అన్నాను, ఎప్పుడూ ఆయన ఫోన్లు నేనే మాట్లాడిపెట్టే విసుగుతో.

"నాకు ఇనపడదు గదా" అన్నాడు. తేలిగ్గా అనేసి, వంగి మళ్లీ స్పానరు అందుకున్నాడు.

నేను నంబరు నొక్కాను, అవతల ఓనరు హలో, హలో అన్నాడు. షెడ్డు ఖాళీ చేయడం లేదని, మా నాయనకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాను.