మంగంపేట నుంచి ఆగిపోయిన కనెక్షన్

అది 2007. కర్నూలులో ఒక ప్రైవేటు కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఊళ్ళల్లోని సెంటర్లలో జనం కట్టే కరెంటు, ఫోను బిల్లుల వివరాలు మా సర్వర్‌కు వచ్చేవి. దారిలో ఎవరూ చదవకుండా వాటిని అర్థం కాని అక్షరాలుగా మార్చి పంపే పద్ధతిని సైఫర్ అంటారు. మా సర్వర్ కొత్త గట్టి సైఫర్లతో పాటు, కాస్త తెలివున్నవాడు ఇట్టే విప్పేయగల నలభై బిట్ల పాత సైఫర్‌ను కూడా ఒప్పుకునేది. ఆ పాతదాన్ని తీసెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది.

ఇంకా పాత పద్ధతిలో ఎవరు వస్తున్నారో సర్వర్ లాగ్‌లో, అంటే వచ్చిన ప్రతి కనెక్షన్‌నూ నమోదు చేసే ఫైల్లో, కనబడుతుంది. పాత బ్రౌజర్లకు కొత్త సైఫర్లు తెలియవు కాబట్టి, ఒక్కో సెంటర్ చేతా బ్రౌజర్ మార్పించుకుంటూ వచ్చాను. చివరికి మంగంపేట దగ్గర ఖాజా భాయ్ నడిపే సెంటర్ ఒక్కటే మిగిలింది. ఫోన్లో చెబితే అయ్యే పని కాదని బస్సెక్కాను.

ముగ్గురాయి గనుల ఊరది. కీబోర్డు మీద కూడా పొడే. ఖాజా భాయ్‌కి యాభై దాటి ఉంటాయి. ఉన్నది ఒకటే కంప్యూటర్. దాంట్లోనే బిల్లులు కట్టేవాడు, తెలుగులో అర్జీలూ పెళ్ళిపత్రికలూ టైపు చేసేవాడు. కొత్త బ్రౌజర్ వేశాను. బిల్లుల పేజీ చక్కగా వచ్చింది కానీ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. అది పాత బ్రౌజర్ ఉంటేనే నడుస్తుంది. సరిచేయించుకుందామంటే దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

“తెలుగు పోతే నా బతుకే పోతాది సార్. పాతదే పెట్టండి.”

పాతదే పెట్టాను. “ఇట్లయితే వచ్చే నెల నుంచి బిల్లులు కట్టలేరు భాయ్.”

“నాదొక్కటే కదా మిగిలిండేది. నా ఒక్కనికి ఆ పాత దోవ ఇడ్సిపెట్టరాదా?”

అడిగింది న్యాయంగానే ఉంది. కానీ ఒకరి కోసం పాత సైఫర్ ఉంచితే, మధ్యలో చొరబడ్డవాడు మిగతా సెంటర్లను కూడా దానికే దించి, వాళ్ళ వివరాలూ చదివేయగలడు. ఆ మాటే చెప్పాను. ఇంకో కంప్యూటర్ ఇప్పించమని ఆఫీసులో అడుగుతానన్నాను. బస్సు కదిలేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

“ఒక్క సెంటర్ కోసమా?” అని మేనేజరు నవ్వాడు. చెప్పిన తేదీకి పాత సైఫర్ ఆపేశాను.

మర్నాటి నుంచి లాగ్‌లో ఖాజా భాయ్ సెంటర్ పేరున ‘హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్’ రావడం మొదలైంది. ఏ సైఫర్ వాడాలో రెండు మిషన్లూ ముందుగా ఒప్పందానికి రావడమే హ్యాండ్‌షేక్. అది కుదరకపోతే పేజీ రాదు, ఎందుకు రాలేదో చెప్పే ముక్క కూడా రాదు. రోజూ అదే తంతు. విసుగొచ్చి ఫోన్ చేశాను.

“రాదని చెప్పినా కదా భాయ్, ఊరికే ఎందుకు కొడతాండారు?”

“నాకు తెలుసు సార్. గనిలో పని ఇడ్సిపెట్టి, బిల్లు పట్టుకోని వస్తారు. వాళ్ళ కండ్ల ముందర కొట్టి చూపీకపోతే, నేను కావాలనే కట్టల్యా అనుకుంటారు. శానా నమ్మినోళ్ళు నన్ను.”

ఆపింది మేము, మాట పడుతున్నది ఆయన. సెంటర్ తప్పేమీ లేదని ఒక కాగితం రాసిమ్మని మేనేజర్ని బతిమాలాను. తప్పు మనదని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన ససేమిరా అన్నాడు.

ఫెయిల్యూర్లు రానురాను తగ్గాయి. ఒకరోజు అసలు రాలేదు. మేనేజరు నా వెనక నిలబడి స్క్రీన్ చూసి, “శభాష్, మొత్తం క్లీన్!” అన్నాడు.

ఖాజా భాయ్ ఎలాగో కొత్త కంప్యూటర్ కొన్నాడేమోనని ఆశగా వెతికాను. కొత్త సైఫర్లతో వస్తున్న సెంటర్లలోనూ ఆయనది లేదు. కొట్టి చూపించడానికి ఎదురుగా మనుషులే లేరన్నమాట.

తర్వాత చాలాచోట్ల పాత సైఫర్లు తీసేశాను. తీయక తప్పదు, ఇప్పుడూ అదే అంటాను. కానీ ఫెయిల్యూర్లు సున్నాకు దిగాయని ఎవరైనా సంబరపడితే, బాగుపడినవాళ్ళు ఎందరో, రావడం మానుకున్నవాళ్ళు ఎందరో ముందు చూసి రమ్మంటాను.