ఖరగ్‌పూర్‌లో గ్రేస్‌ను మోసినవాళ్ళం

గురువారం సాయంత్రం రూత్ ఫోన్ చేసి, వాళ్ళక్క గ్రేస్ పోయిందని చెప్పింది. గుండెపోటు. భూస్థాపన శనివారం పదకొండింటికి.

గ్రేస్‌తో నాది విజయనగరంలో బీయస్సీ నాటి స్నేహం. చెరువులో నత్తలు పట్టి, పెంకుల మీద గోళ్ళరంగు చుక్క పెట్టి వదిలేవాళ్ళం. మళ్ళీ పట్టినప్పుడు చుక్కలున్నవి ఎన్ని పడ్డాయో చూసి, చెరువు మొత్తంలో నత్తలెన్నో అంచనా కట్టాలి. ఆ ప్రాక్టికల్సే మమ్మల్ని దగ్గర చేశాయి. తర్వాత నేను అక్కడే కాలేజీలో జువాలజీ చెప్పుకుంటూ ఉండిపోయాను. ఆమె పుట్టినూరు ఖరగ్‌పూర్ వెళ్ళి తెలుగు మాధ్యమం బడిలో సైన్సు టీచరయింది.

శుక్రవారం సాయంత్రం హౌరా వైపు వెళ్ళే రైలెక్కాను. తత్కాల్‌లో స్లీపర్ బెర్తు దొరికింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో ఎక్కిన పెద్దావిడ కళ్ళ ఆపరేషన్‌కి కలకత్తా వెళ్తోంది. నేనెక్కడికో చెప్పగానే, "ఒకప్పుడు మా ఊళ్లో ఇంటికొకడు ఖరగ్‌పూర్ రైల్వేలో ఉండీవోడమ్మా. ఇప్పుడు దిగి మంచినీళ్లు తాగుదామన్నా మనోళ్లిల్లు లేదు" అంది. నా పులిహోర ఇద్దరం పంచుకుని తిన్నాం.

తెల్లవారాక ఖరగ్‌పూర్‌లో దిగాను. ఆ ప్లాట్‌ఫారం ఎంత నడిచినా తరగదు. సామాను తక్కువ తెచ్చుకోవడం మంచిది. వెయిటింగ్ రూములో స్నానం చేసి, పూరీ కూర తిని, మట్టికప్పులో టీ తాగి గ్రేస్ వాళ్ళుండే మలంచా వైపు వెళ్ళే టోటో ఎక్కాను. ఈ బ్యాటరీ బండ్లు నలుగురు నిండితే గానీ కదలవు. దారిలో పాత రైల్వే క్వార్టర్లు కొన్ని కూలిపోయి, గోడల్లోంచి రావి మొక్కలు మొలిచి ఉన్నాయి. గ్రేస్ పుట్టింది అలాంటి క్వార్టర్‌లోనే.

ఇంటి ముందు షామియానా వేశారు. గ్రేస్ భర్త ప్రకాశరావుగారు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నన్ను చూసి లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చున్నారు. కూతురు అనిత బెంగాలీ అబ్బాయిని చేసుకుని కలకత్తాలో ఉంటోంది. ఆమె పాప మిఠీ తల్లి కొంగు పట్టుకుని నిలబడింది.

పెట్టె ఎత్తే వేళకు ఎవరూ ముందుకు రాలేదు. సందు ఇరుకు కావడంతో బండి మెయిన్ రోడ్డు మీదే ఆగింది. అక్కడిదాకా భుజాల మీద మోయాలి, ఆరుగురు కావాలి. వచ్చిన తెలుగువాళ్ళు ముప్ఫైమంది దాకా ఉంటారు. తలలన్నీ నెరిసినవే. ఒకాయనకు గుండె ఆపరేషన్ అయింది, ఇంకొకాయన కర్ర లేకుండా నిలబడలేడు. వాళ్ళ పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. పక్కింటి బెంగాలీ కుర్రాళ్ళిద్దరు వచ్చి, మేం పడతాం కాకూ అని ప్రకాశరావుగారితో అన్నారు. అనిత భర్త మూడోవాడు.

క్లాసులో వయసుల పిరమిడ్ గీస్తాను. అడుగున పిల్లలు, పైన ముసలివాళ్ళు. అడుగు సన్నబడిందంటే ఆ జనాభాకు తరుగుదల మొదలైందని చెబుతాను. ఏళ్ళ తరబడి సుద్దముక్కతో గీసిన ఆ బొమ్మ ఆ పొద్దున షామియానా కింద కుర్చీల్లో కూర్చుని ఉంది.

రూత్ చెప్పులు విడిచి పెట్టె దగ్గరికి వచ్చింది. "అక్కని మనమే ఎత్తుదాం, సావిత్రక్కా. ఏటి, మన భుజాలు భుజాలు కావా?"

పాస్టరుగారు ప్రకాశరావుగారి వైపు చూశారు. "ఎత్తండమ్మా" అన్నారాయన.

రూత్, అనిత, నేను ఒకవైపు పట్టాం. పెట్టె అంచు భుజంలోకి దిగింది. పక్కన అనిత ఊపిరి వినిపిస్తోంది. గ్రేస్ ఇంత బరువుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

సమాధుల తోటలో పెద్దవాళ్ళు తెలుగులో పాట ఎత్తుకున్నారు. గొంతులు వణికినా ఒక్క మాట తప్పలేదు. మిఠీ ఏం పాడుతున్నారని బెంగాలీలో అడిగింది. అనిత ఆ పిల్ల చెవిలో బెంగాలీలోనే చెప్పసాగింది, మధ్యలో ఏడుపు ఆగక మానేసింది.

మధ్యాహ్నం రూత్ ఇంట్లో అన్నం, పప్పుచారు. ప్రకాశరావుగారు మెతుకులు కెలుకుతూ గ్రేస్ కబుర్లు చెప్పారు. పిల్లలు చేరక తెలుగు బడి మూసేశాక ఆమె వీధిలో మిగిలిన పిల్లలకు ఇంటి వరండాలో ఊరికే పాఠాలు చెప్పేదట. ఒక జనాభా నాలుగు విధాలుగానే మారుతుంది, పుట్టేవాళ్ళు, వచ్చేవాళ్ళు కలుపుతారు, చచ్చిపోయేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు తగ్గిస్తారు అని చెప్పి, మన వీధి లెక్క మీరే వెయ్యండర్రా అనేదట. వాళ్ళ తాతల కాలంలో రైల్వే పని ఎందరొస్తే అందరికీ తిండి పెట్టింది. పనులు తగ్గాక ఊరు అంతమందిని పోషించలేకపోయింది. ఆ చివరి పిల్లలు కూడా చదువులకని వెళ్ళిపోయారు.

"మంగళారం నేనూ ఎల్లిపోతన్నాను, సావిత్రమ్మా. అనిత ఒక్కడినీ ఉండనీనంది. ఒక్క వారంలో మా ఇంట్లోంచే ఇద్దరం తగ్గిపోనాం" అన్నారు.

ఆదివారాలు సమాధి దగ్గరికి ఎవరు వెళ్తారని రూత్‌ని అడిగారు. నేనున్నాను కదా బావా అంది రూత్. ఆమెకు రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆ తర్వాత ఆమె కూడా ఇక్కడుంటుందో లేదో తెలియదు.

ఆ రాత్రి బండికే తిరుగు ప్రయాణం. చావునీ వలసనీ లెక్కలో ఒకే పక్కన ఎందుకు తీసేస్తాం మేడం అని ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. ఉన్నచోట లేకుండా పోవడం రెంటికీ ఒకటేనని చులాగ్గా చెప్పేసేదాన్ని. భర్త భార్యను మట్టిలో వదిలి ఊరు మారడం చూశాక ఆ జవాబు మళ్ళీ అంత చులాగ్గా చెప్పగలనో లేదో.

మెలకువ వచ్చేసరికి పలాస. ప్లాట్‌ఫారం నిండా తెలుగు. జీడిపప్పు అమ్మే ఆమె బేరం కుదరక ఎవరినో తిడుతోంది, ఎవరో పిల్లవాడిని పేరు పెట్టి కేకేస్తున్నారు, టీ కుర్రాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఎంతమందో! సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది. కిటికీ వైపు తిరిగి, బండి కదిలేదాకా వాళ్ళ మాటలు వింటూ కూర్చున్నాను.