లైన్ క్లియర్ నా పేరు మీద

కుడి మడమ పైన నరం తెగేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అప్పటికి పదమూడేళ్లుగా ఎనిమిది వందల మీటర్ల పరుగే నా బతుకు. రెండుసార్లు దేశం జెర్సీ వేసుకుని విదేశాల్లో పరిగెత్తాను.

మాది చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. వేరుశనగ, రాగి పండించుకునే ఇల్లు. చింతామణి హైస్కూల్లో పీటీ మేష్ట్రు ఒకాయన నన్ను చూసి బెంగళూరు క్రీడా హాస్టలుకు పంపించాడు. పోటీలకూ పోటీలకూ మధ్య దొరికిన ఖాళీల్లో ఎలక్ట్రికల్ డిప్లొమా కూడా పూర్తి చేశాను. అది మా అమ్మ పట్టుదల. "కాళ్లు ఎన్నాళ్లు పరిగెత్తుతాయో ఎవురికి తెలుసు, ఒక సర్టిఫికెట్టు చేతిలో పెట్టుకో" అనేది. ఆ సర్టిఫికెట్టూ, నా పతకాలూ కలిసి కరెంటు ఇలాఖాలో, అంటే విద్యుత్ శాఖలో, క్రీడా కోటా కింద జూనియర్ ఇంజినీరు ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

ఉద్యోగమన్న మాటే గానీ ఆరేళ్లు ఆ పని ముఖం చూడలేదు. ప్రత్యేక సెలవు మీద బెంగళూరులోనే శిక్షణ తీసుకునేదాన్ని. ఇలాఖాల మధ్య జరిగే పోటీల్లో మా ఆఫీసు తరఫున పరిగెత్తి గెలిస్తే చాలు, ఇంకేమీ అడిగేవారు కారు.

ఆపరేషన్ చేసిన డాక్టరు, నడవచ్చు, మెల్లగా పరిగెత్తనూ వచ్చు, పోటీలు మాత్రం ఇక వద్దన్నాడు. ఇంట్లో నాలుగు నెలలు పడుకున్నాను. తరవాత బెంగళూరు పెద్దాఫీసుకు వెళితే అక్కడి అధికారి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడాడు. క్రీడా విభాగంలో ఒక కుర్చీ ఉందట. ఏడాదికొకసారి ఆటల పోటీలు జరిపించాలి, అతిథులు వచ్చినప్పుడు పక్కన నిలబడాలి. అంతే పని.

"మీకు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఆయన తప్పేమీ లేదు. ముప్ఫై ఏళ్లు కూడా నిండకముందే నేను గోడకు తగిలించే ఫొటోనైపోయానని ఆ క్షణంలో అర్థమైంది. బాగా తెలిసిన పని ఇక చేయలేను. తెలియని పనైనా సరే, నిజంగా చేయాలనుకున్నాను. నన్ను ఏదైనా సెక్షన్‌కు, ఊళ్లలో లైన్లు చూసుకునే ఆఫీసుకు, పంపమని అక్కడే కాగితం అడిగి అర్జీ రాశాను.

"బాగేపల్లి పక్క గ్రామీణ సెక్షన్ ఒకటి ఖాళీ ఉంది. ఎవరూ పోవడం లేదు" అన్నాడు.

"నేను పోతాను సార్" అన్నాను.

ఆ సెక్షన్‌లో తొమ్మిది మంది లైన్‌మెన్లు. వాళ్లలో పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్నవాడు. రిటైరుకు మూడేళ్లుంది. నేను చేరిన రోజున ఆయనే కుర్చీ మీద తువ్వాలు పరిచి, "ఈడ కూర్చోండి మేడమ్. పనులు మేము చూసుకుంటాము. సాయంత్రం మీరొచ్చి సంతకం పెడితే సాలు" అన్నాడు. మిగతావాళ్లు నా కాళ్ల వైపు చూస్తున్నారు, టీవీలో చూసిన కాళ్లు ఇవేనా అన్నట్టు.

"నాకు పని రాదప్పా. నేర్పిస్తావా?" అన్నాను.

"చదువుకొనే వచ్చినారు కద మేడమ్?"

"పుస్తకాల్లో మీ లైన్లు లేవు కదప్పా."

మరునాడు పొద్దున ఆయన నన్ను ఒక లైను వెంబడి నడిపించాడు. స్తంభం తరవాత స్తంభం, వేరుశనగ చేల మీదుగా, రాళ్ల గుట్టల మీదుగా. మడమ మంట పుడుతుంటే పైకి కనపడనివ్వలేదు. ఏ స్తంభం అడుగున తుప్పు పట్టిందో, ఎక్కడ చింతకొమ్మ గాలికి తీగను తాకుతుందో, ట్రాన్స్‌ఫార్మర్ మోత మారితే ఏమిటో చెప్పుకుంటూ వచ్చాడు. మూడు నెలల్లో మా సెక్షన్‌లోని పెద్ద లైన్లన్నీ నడిచేశాను.

అన్నిటికన్నా ముందు ఆయన నేర్పింది లైన్ క్లియర్ గురించి. స్తంభం మీద పని చేయాలంటే మొదట సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైన్లో కరెంటు ఆపించాలి. అడిగినవాళ్ల పేరు మీద ఒక నంబరు ఇస్తారు. పని అయ్యాక ఆ మనిషే ఫోన్ చేసి, అందరూ దిగారు, ఇక వదలండి అని చెప్పాలి. ఆ మాట మీదే కరెంటు వస్తుంది. అందాకా ఎవరూ ముట్టుకోరు.

"మా పానాలు మీ నోట్లో ఉంటాయి మేడమ్" అన్నాడు ఆయన ఒకసారి, మామూలుగా, తమలపాకు నములుతూ.

చేరిన ఏడాదిలోపే నేను ఆ విషయంలోనే తప్పు చేశాను.

ఆ రోజు మధ్యాహ్నం గాలీవానా వచ్చి ఒకే లైను మీద రెండు చోట్ల తీగలు తెగాయి. ఒకచోట నేనూ ఐదుగురూ ఉన్నాము. కిలోమీటరు దూరంలో రెండో చోట పెద్దాయనా, ఇంకో ముగ్గురూ ఉన్నారు. సాయంత్రం ఐదింటికి ఇక్కడి పని అయింది. ఊళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. రెండో చోటికి ఫోన్ చేసి, "అందరూ దిగినారా?" అని అడిగాను. "దిగినారు మేడమ్" అని ఒక గొంతు చెప్పింది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి వదలమన్నాను.

అరగంట తరవాత పెద్దాయన తడిసిన బట్టలతో నడుచుకుంటూ వచ్చాడు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఏమైందప్పా?"

"పైన ఒక బోల్టు వదులుగా ఉండె. స్పానరు తీసుకొని మళ్లా ఎక్కల్లని కిందికి దిగితిని. స్తంభం మీద చెయ్యి పెట్టబోతాండా, పైన ఝుమ్మనింది." ఆయన తల పైకెత్తలేదు. "దిగిన మాట నిజమే మేడమ్. ఫోన్ ఎత్తినవానిదేమీ తప్పు లేదు. మళ్లా ఎక్కుతాడా అని మీరు అడగలేదు, వాడు చెప్పలేదు."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బీడీ వెలిగించబోయి, వెలగక పారేశాడు.

ఆటలు నాయకత్వం నేర్పుతాయని సన్మానాల్లో ఎంతమంది చెప్పగా విన్నానో. నాకైతే నేర్పలేదు. మా ఆటలో ఎవరి పరుగు వాళ్లది. పక్కన పరిగెత్తే అమ్మాయి పడిపోయినా వెనక్కి చూడకూడదని నేర్పారు. ఓడినా, కాలు విరిగినా అది నాకే. నా మాట వల్ల ఇంకొకరి ఒళ్లు కాలిపోవచ్చన్న సంగతి నాకు అంతకుముందు ఎప్పుడూ ఎదురుకాలేదు. నేను నాయకురాల్ని కాదు, వేగంగా పరిగెత్తే మనిషిని మాత్రమే అని ఆ సాయంత్రం తెలిసింది.

ఆటల్లో నేర్చుకున్నది మాత్రం ఒకటి పనికొచ్చింది. ఓడిన ప్రతిసారీ మా కోచ్ అన్నం ముట్టనిచ్చేవాడు కాదు, ఎక్కడ తప్పు చేశానో నా చేత్తో రాసేదాకా. ఆ రోజు కూడా రాశాను. జరిగింది జరిగినట్టు, తప్పు నాదేనని, పైఅధికారికి. ఆయన ఫోన్ చేసి, "ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా, ఇదంతా కాగితం మీద ఎందుకు?" అన్నాడు. వెనక్కి తీసుకోనన్నాను. మెమో వచ్చింది. నా సర్వీసు పుస్తకంలో అది ఇప్పటికీ ఉంది.

మరునాడు తొమ్మిది మందినీ నిలబెట్టి చెప్పాను. "ఇంకమీదట 'అందరూ' అనే మాట ఒప్పుకోను. ప్రతి మనిషీ నా ముందర కనపడల్ల. దూరంగా ఉంటే వాని గొంతు నేనే వినల్ల. 'దిగినాను, మళ్లా ఎక్కను' అని వాడే చెప్పల్ల. ఒక్కరు తక్కువైనా కరెంటు రాదు."

కొందరు నవ్వుకున్నారు. బడిలో హాజరు పిలిచినట్టుందని ఒకడు అన్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

ఆ మాటకు అసలు పరీక్ష తరవాతి ఎండాకాలంలో వచ్చింది. టమాటా నారు నాటిన రోజులు. మూడు రోజులుగా కరెంటు వస్తూ పోతూ ఉంది, బోర్లు కాసేపే ఆడుతున్నాయి. పొద్దున మొదలైన పని పదకొండుకు ముగిసింది. సబ్‌స్టేషన్ దగ్గరికి ఎనిమిది మంది వచ్చి కనపడ్డారు. ఒకడు లేడు. నలభై ఏళ్లవాడు, జాగ్రత్తగా పనిచేసే మనిషి. అతని ఫోన్ మోగడం లేదు. ఇద్దరిని బండి మీద లైను వెంబడి పంపించాను.

అప్పటికే సబ్‌స్టేషన్ గేటు దగ్గర రెండు ఊళ్ల రైతులు చేరారు. అందులో ఒక ముసలి రైతు ముందుకొచ్చాడు.

"ఏమ్మా, పని అయిపోయిందంటాండారు. ఇంకా ఎందుకు ఇయ్యవు?"

"ఒక మనిషి కనపడలేదప్పా."

"యాడనో టీ తాగను పోయింటాడు!"

"పోయింటే మంచిదే. వచ్చినాక ఇస్తాను."

పైఅధికారి ఫోన్ చేశాడు. ఎవరో పెద్దమనిషి ఆయనకు చెప్పినట్టున్నాడు. "లైన్ మీద ఎవరూ లేరంటున్నారు, వదిలేయండి" అన్నాడు. "లైన్ క్లియర్ నా పేరు మీద ఉంది సార్. నేను ఇంకా మనిషిని చూడలేదు" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఎండ నెత్తిన పడుతోంది. ముసలి రైతు తన బండి దగ్గరికి వెళ్లి, వాడిపోయిన నారు గుప్పెడు తెచ్చి నా కాళ్ల ముందర వేశాడు. "దీన్ని ఎవురు బతికిస్తారమ్మా? నువ్వా?" అన్నాడు. కదలకుండా నిలబడ్డాను. నా వెనకే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

నలభై నిమిషాలకు మా వాళ్లు అతన్ని వెంటబెట్టుకొచ్చారు. బండి పంక్చరైతే పక్క ఊరి దాకా తోసుకుంటూ పోయాడట. ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఒంటి మీద గీత కూడా లేదు. జనం ఒక్కసారిగా అరిచారు. టీ తాగడానికి పోయి ఉంటాడని ఆ రైతు అన్న మాట ఇంచుమించు నిజమే అయింది. నేను ఆపకపోయినా ఏమీ అయ్యేది కాదు.

అయినా ఆపినందుకు నాకు బాధ కలగలేదు. అతని ముఖం చూశాకే ఫోన్ తీసి కరెంటు వదలమన్నాను.

కానీ ఆ నారు సంగతి మనసులోంచి పోలేదు. మరునాడు ఆ రైతు చేను వెతుక్కుంటూ వెళ్లాను. సగం నారు చచ్చిపోయింది. ఆయన నన్ను చూసి గట్టు మీంచి లేవలేదు.

"మనిషి పానం కోసం ఆపితివి, సరే. నేనేమీ అనను. కరెంటు తీస్తాండామని ముందురోజే చెప్పింటే, ఆ పూటే నీళ్లు కట్టుకొంటాంటిమి కదమ్మా. ఎవురైనా ఒక మాట చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. ఆ వారంలోనే ప్రతి ఊరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టించాను. గాలివాన పనులు తప్ప మిగతా ఏ పనికైనా ముందురోజు మధ్యాహ్నంలోపు ఊళ్లకు తెలియాలని, తెలియకపోతే లైన్ క్లియర్ తీసుకోకూడదని చెప్పాను. ఫోన్ లేని ముసలివాళ్ల కోసం పాల డెయిరీ దగ్గర పలక మీద రాయించాము. ఆ రైతే ఇప్పుడు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "రేపు మా పక్క ఏమైనా పని ఉండాదా అమ్మా?" అని అడుగుతాడు.

కొన్ని నెలలకు ఒకరోజు నేను ఫోన్ మాట్లాడుతూ వెనకబడ్డాను. వచ్చి చూస్తే పెద్దాయన మనుషుల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. "దిగినావా? మళ్లా ఎక్కవు కద? నీ నోటితో చెప్పు." ఎవరూ నవ్వడం లేదు.

ఇదంతా ఎలాగో చిక్కబళ్లాపురం జిల్లా ఆఫీసుకు చేరింది. పోయిన ఏడాది జిల్లాలోని సెక్షన్ అధికారులందరినీ పిలిచి, నన్ను మాట్లాడమన్నారు. పరిచయం చేసినాయన నా పతకాలన్నీ చదివాడు. నేను పతకాల గురించి మాట్లాడలేదు. గాలీవానా రోజున నేను చేసిన తప్పుతో మొదలుపెట్టాను. సగం చెప్పి, నాతో పాటు తీసుకెళ్లిన పెద్దాయన్ని లేచి మిగతా సగం చెప్పమన్నాను. అంతమంది ఇంజినీర్ల ముందర ఆయన మొదట తడబడ్డాడు. తరవాత చెయ్యి ఎత్తి, స్తంభానికి ఎంత దూరంలో ఆగిపోయిందో చూపించాడు.

కొన్ని సెక్షన్లు ఆ పద్ధతి పట్టుకున్నాయి. కొన్ని రెండు నెలలు చేసి వదిలేశాయి. వదిలేసిన వాళ్లకు నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. విసుక్కుంటారు. మళ్లీ చేస్తాను.

ఆ మీటింగు అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. సాదలి దగ్గరి పల్లెటూరు పిల్ల. కబడ్డీలో రాష్ట్రానికి ఆడి, క్రీడా కోటాలో కొత్తగా చేరిందట.

"అక్కా, నన్ను ఆఫీసులో ఊరికే కూర్చోబెట్టినారు. ఏమి చెయ్యాల్నో తెలీడం లేదు" అంది.

"రేపు మేము ఒక లైను వెంబడి నడుస్తాము. ఎనిమిది కిలోమీటర్లు. ఆఫీసులో అడిగి రా. బూట్లు వేసుకొని పొద్దున ఆరుకు బాగేపల్లిలో ఉండు."

మరునాడు నేను వెళ్లేసరికి ఆరుకు ఇంకా పావుగంట ఉంది. ఆ పిల్ల అప్పటికే వచ్చి, పెద్దాయనతో మాట్లాడుతూ నిలబడి ఉంది.