వెనక గుడ్డ ముందుకొచ్చిన రోజు

1997లో గవర్నరుపేటలోని ఒక స్టూడియోలో ఆపరేటర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదికి నన్ను నేనే బదిలీ చేసుకున్నాను. ఆర్డరు ఇచ్చిందీ నేనే, జాయినైందీ నేనే. ఈ బదిలీని ఆమోదించని ఏకైక అధికారి మా ఆవిడ రాజ్యం. ముందుగదిలోని సోఫా కిటికీ దగ్గర నుంచి వంటింటి గుమ్మం పక్కకి పోవాల్సి రావడమే ఆవిడ అభ్యంతరం.

ఆ రోజుల్లో స్టూడియోలో కెమెరా పట్టేవాణ్ణి ఆపరేటర్ అనేవారు. నేను డార్క్‌రూమ్ అసిస్టెంటుగా చేరి, ప్రింటరునై, నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిలుతో జనం మొహాల్లో ముడతలు తగ్గించే రీటచర్‌గా కొన్నాళ్ళు పనిచేసి, చివరికి ఆపరేటర్ హోదాకి వచ్చాను. చీకటి గదిలో పైకొచ్చినవాణ్ణి కనక వెలుగులోకి రావడం కాస్త ఆలస్యమైంది.

సొంతంగా మొదలుపెట్టాక తెలిసింది, వెనకా ముందూ చూసుకోకుండా దిగానని. ముందు పెట్టడానికి కెమెరా ఉంది, వెనక పెట్టడానికే ఏమీ లేదు. పాత స్టూడియోలో గోడకి ఆర్టిస్టు గీసిన తెరలుండేవి. ఒకదాని మీద పాలరాతి మెట్లు, ఒకదాని మీద జలపాతం, ఇంకోదాని మీద మంచు కొండలు. అలాంటి తెర గీయించే స్తోమత నాకు లేదు. ఉన్నా, మా గది ఎత్తుకి జలపాతం సగంలోనే ఆగిపోయేది.

అందుకని మామూలు గుడ్డల దారి పట్టాను. మా వీధి చివర టైలరు మస్తాన్ గారు వన్‌టౌన్ నుంచి కోరా గుడ్డ తెచ్చి, రెండు పన్నాలు కలిపి కుట్టిచ్చారు. కుట్టు నిట్టనిలువుగా వచ్చింది. దాంతో ఆ వారం ఫోటో దిగిన ప్రతివారికీ నడినెత్తి నుంచి టీవీ యాంటెనా లేచింది. అడ్డంగా కుడితే కుట్టు మోకాళ్ళ కిందకి పోతుందని మస్తాన్ గారికి చెప్పాను.

"నిలువుగా కుడితేనే గుడ్డ చక్కగా జారుతుంది సార్," అన్నారాయన.

"గుడ్డ జారడం సరేనండీ, గిరాకీ జారిపోతోంది," అన్నాను. మర్నాడే విప్పి అడ్డంగా కుట్టారు.

రంగు వేయడం మా పెరట్లోనే. గుడ్డని ఉండలా నలిపి, పురికొసతో అక్కడక్కడా బిగించి కట్టి, బకెట్లో రంగునీళ్ళలో ముంచితే విప్పేసరికి మబ్బు పట్టినట్టు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వస్తుంది. అలా ఒకటి ఏనుగు రంగులో, ఒకటి వంగపండు రంగులో తయారుచేశాను. "ఇదివరకు ఈ బకెట్‌తో మేం స్నానం చేసేవాళ్ళం," అని రాజ్యం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఈ పనిలో సూత్రాలు కొద్దే. గుడ్డకి మెరుపుండకూడదు, మెరిస్తే లైటు తిరిగి మన కంట్లోనే కొడుతుంది. మనిషిని గుడ్డకి ఐదారడుగుల ముందు నిలబెట్టాలి. అప్పుడు నీడ నేలమీద పడిపోతుంది, ఇస్త్రీకి లొంగని ముడతలు ఫోకస్‌లో లేక కరిగిపోతాయి. మా గదిలో ఆ ఐదారడుగులు వదిలేసరికి కెమెరాకి చోటు చాలక, నేను వీధి వరండాలో నిలబడి గుమ్మంలోంచి ఫోటోలు తీసేవాణ్ణి. కూరగాయల బండివాడు కూడా ఆగి, "కొంచెం గడ్డం పైకెత్తమ్మా," అని నా తరఫున సలహాలిచ్చేవాడు.

అసలు చిక్కు సూత్రాలతో కాదు, జనంతో. మావైపు ఉత్త గుడ్డ ముందు ఫోటో అంటే రెండే సందర్భాలు. ఒకటి పాస్‌పోర్టుకి, రెండోది పోయినవాళ్ళకి. "వెనక ఏమీ లేకుండా ఏంటండీ, దండ వెయ్యడానికా?" అని మొహం మీదే అడిగి, జలపాతం ఉన్న స్టూడియోకి వెళ్ళిపోయేవారు. అలా ఏడాది గడిచింది.

ఆ పరిస్థితుల్లో ఒక ఆదివారం ఉదయం హైమ వచ్చింది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి. చిన్నప్పటి నుంచీ సెలవులన్నీ కూచిపూడిలో మేష్టారి ఇంట్లో గడిపి నాట్యం నేర్చుకుంది. కూడా వాళ్ళమ్మ శకుంతల గారు. కూతురి నాట్యానికి పాట పాడేది ఆవిడే. ఢిల్లీలో యువ కళాకారుల నాట్యోత్సవానికి హైమ దరఖాస్తు పెట్టుకుంది. వేసే పాత్ర ఆహార్యంతో, అంటే ఆ వేషంలో నగలతో సహా దిగిన ఫోటో ఒకటి జతచెయ్యాలి. అంతకుముందు పంపినదాంట్లో ఆమె వెనక మంచు కొండలున్నాయి. పాత్రకీ ఈ మంచుకీ సంబంధమేమిటి, ఈ వారంలోగా సాదా తెర ముందు దిగిన ఫోటో పంపండి, లేకపోతే దరఖాస్తు పరిశీలించం అని వాళ్ళు తిరుగుటపాలో రాశారు. వయోపరిమితి ప్రకారం హైమకి అదే ఆఖరి ఏడు.

ఉత్త గుడ్డే కావాలని కోరి వచ్చిన మొదటి మనిషి కనక, నేను పట్టుబట్టల వ్యాపారిలా నా సరుకంతా తీసి చూపించాను. హైమ వేషంలోని ఎర్రపట్టుకీ బంగారు అంచుకీ ఏనుగు రంగు నప్పుతుందని తేల్చి, దాన్నే కర్ర మీద వేసి బట్టల క్లిప్పులు పెట్టాను. రెండు గొడుగు లైట్లు నిలబెట్టాను. హైమ తలసామానుతో, గజ్జెలతో, మోకాళ్ళు దాటిన పూలజడతో వచ్చి నిలబడింది. కెమెరాలోకి చూశాను. కొయ్యబొమ్మ.

నవ్వమ్మా అంటే నవ్వింది. ఆ నవ్వు చూసి నేను నవ్వడం మానేశాను. చెయ్యి ఇలా, మెడ అలా అని నాకు తెలియని శాస్త్రమంతా చెప్పాను. చెప్పినకొద్దీ బిగుసుకుంది.

"స్టేజీ మీద దీన్ని పట్టలేమండీ," అన్నారు శకుంతల గారు. "కెమెరా చూస్తే మాత్రం, పెళ్ళికొచ్చి ఎవరి తరఫో చెప్పలేని చుట్టంలా నిలబడిపోతుంది."

"అమ్మా, నువ్వు ఊరుకో," అంది హైమ. ఆ ఉదయం ఆమె మొహంలో నేను చూసిన మొదటి అసలైన భావం అదే. క్లిక్ మనిపించేలోపే పోయింది.

రోల్‌లో సగం పైన అయిపోయింది. హైమ కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే కాటుక కరుగుతుందని వాళ్ళమ్మ పైటకొంగుతో అద్దుతున్నారు. ఆపరేటర్‌కి ఏమీ తోచనప్పుడు చేసే పని ఒకటుంది. అదే చేశాను. గుడ్డ మారుద్దామన్నాను.

కొత్త దిండుగలీబులు ఇవ్వడానికి వచ్చి వరండాలో నా పక్కనే నిలబడిపోయిన మస్తాన్ గారు సాయానికి వచ్చారు. ఆయనా రాజ్యం చెరో చివరా క్లిప్పులు తీసి, ఏనుగు రంగు గుడ్డని రెండు కొసలూ పట్టుకుని గది మధ్యకి తెచ్చారు. దుప్పటి మడతపెట్టేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గుంజుతారే, సరిగ్గా అలా. హైమ వెనకగోడ దగ్గర మంచినీళ్ళు తాగుతోంది. గుడ్డ ఆమెకీ నాకూ మధ్యకి వచ్చి నిలిచింది. సోఫాలో శకుంతల గారు, దిగులుగా ఉన్నప్పుడు చాలామంది చేసినట్టే, ఏదో కూనిరాగం తీస్తూ మోకాలి మీద తాళం వేస్తున్నారు.

కూచిపూడి ఆటలో ఒక ఆచారముంది. నాయిక రంగం మీదకి తిన్నగా నడిచి రాదు. ఇద్దరు మనుషులు చెరోపక్కా తెర పట్టుకుని నిలబడతారు. దాని వెనక నుంచి ఆమె ముందుగా తన జడని తెర మీద నుంచి ఇవతలికి వేస్తుంది. నన్ను మించి ఆడగలవాళ్ళుంటే రండి అని సవాలు. ఇది నాకు తర్వాత చెప్పారు. ఆ క్షణంలో నాకు కనిపించిందల్లా, గజ్జెలు ఒక్కసారి ఘల్లుమనడం, జడకుచ్చులతో సహా అంత జడా గాలిలో లేచి మా గుడ్డ మీద నుంచి ఇవతలికి పడడం.

ఇద్దరు మనుషులు గుడ్డ ఎత్తి పట్టుకుంటే హైమ ఒంటికి తెలిసిన అర్థం అదొక్కటే. ఆలోచించి చేసింది కాదు. చేశాక తనకే నవ్వొచ్చింది.

మస్తాన్ గారు ఉలిక్కిపడి గుడ్డ వదలబోయారు. "కదలకండి," అన్నాను. రాజ్యం మడత కలపడానికి అప్పటికే ఒక అడుగు వేసింది. "ఏవండీ, మడతపెట్టమంటారా, పట్టుకోమంటారా?"

"పట్టుకో."

శకుంతల గారు కూనిరాగం ఆపి గొంతు విప్పారు. అంతే. గుడ్డ అంచు మీద నుంచి ముందు వేళ్ళు, తర్వాత కనుబొమలు, ఆ తర్వాత ఓరచూపు. ఇందాక కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయి కాదు, ఎవరినీ లెక్కచెయ్యని మహారాణి. నేను ఫోకస్ సరిచేసుకుని రోల్ అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాను. వరండాలో బండివాడు కూడా ఈసారి సలహా ఇవ్వలేదు.

ప్రింట్లు వచ్చాక ఇంకో చిక్కు. వెనక ఉండాల్సిన గుడ్డ ముందుంది. వెనక మా సున్నంగోడ మసగ్గా ఉంది. ఒక అంచున రాజ్యం గాజులు, రెండో అంచున మస్తాన్ గారి ఉంగరం, వేళ్ళు. నేను నేర్చుకున్న పద్ధతిలో ఇవన్నీ తప్పులే. అంచులు కత్తిరించి పంపుదామన్నాను. శకుంతల గారు ఒప్పుకోలేదు. "పట్టేవాళ్ళు లేకుండా తెర ఎలా నిలబడుతుందండీ? చేతులుండనివ్వండి," అన్నారు. సాదా తెర ముందు దిగమన్నారు, మనం తెర వెనక దిగాం, ఒప్పుకుంటారా అని నాకు భయం. ఏమైతే అయిందని హైమ తనే కవరు అంటించింది.

నెల తిరక్కుండా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. ఉత్సవం పుస్తకంలో ఆ ఫోటోనే వేశారు, చేతులతో సహా. హైమ ఢిల్లీ నుంచి తెచ్చిన కాపీ మస్తాన్ గారు కొట్లో కుట్టుమిషను పైన తగిలించి, వచ్చిన ప్రతివారికీ ఆ అంచు చూపించేవారు. "నా చేతులు ఢిల్లీ వెళ్ళొచ్చాయి. మిగతా నన్ను ఇక్కడే వదిలేశాయి."

ఉత్త గుడ్డ కావాలనేవాళ్ళు ఆ తర్వాత మెల్లగా పెరిగారు. డిజిటల్ వచ్చి రోల్ పోయేదాకా, నేను రిటైరయ్యేదాకా ఆ గదిలోనే పనిచేశాను. ఆ ఆదివారం తర్వాత నా పద్ధతిలో మారింది ఒక్కటే. బిగుసుకున్న మనిషిని నవ్వమనడం మానేశాను. వాళ్ళ చేతులకి ఏ పని అలవాటో అడిగి, ఆ పని చేసుకోనిచ్చేవాణ్ణి. పూలు కట్టేవాళ్ళకి పూలు, లెక్కల మేష్టారికి సుద్దముక్క. ఫోకస్, లైటు మాత్రం ముందే చూసుకుని సిద్ధంగా ఉండాలి. ఒకసారి పనిలో పడ్డాక మనిషి మనకోసం ఆగడు.