దేశం కోసం లెక్కలు వదిలిన

సోలాపూర్ దాజీ పేటల పుట్టినోళ్లకు చప్పుడంటే భయం లేదు. చప్పుడు ఆగితేనే భయం. కరెంటు మగ్గాలను మేము సాంచలంటం. రాత్రింబగళ్లు టకటక కొట్టే ఆ సాంచలు ఒక్కపారి నిలవడితె తొట్టెల పండుకున్న పిల్లలు సుత లేచి ఏడుస్తరు. ఆగినయంటే కర్ఫ్యూ అన్న పెట్టి ఉండాలె, ఎవరి చెయ్యన్న బెల్టుల పడి ఉండాలె, లేకపోతే ఏ సావుకారో దివాలా తీసి ఉండాలె. ఇవేవీ కాకపోతే ఆనాడు పంద్రా ఆగస్టు.

తొంభైలు పడ్డ కొత్తల, నేను ఏడో తరగతి. మా తెలుగు బడిల జెండా ఎగిరేసినంక, ఒక చేతుల జిలేబి పొట్లం, ఒక చేతుల చెల్లె చెయ్యి పట్టుకొని వస్తున్న. గల్లీ మొత్తం చెవిటిదైనట్టు ఉంది. నాయన పనిజేసే షెడ్డు ముందట సావుకారి తన ట్రాన్సిస్టర్‌ను స్టూలు మీద కూసోబెట్టిండు. ఢిల్లీల కోట మీదికెల్లి దేశాన్ని ఏలే పెద్దాయన మాట్లాడుతుండు. ఏటా మాట్లాడుతడు, ఏటా మావోళ్లు ఇంటరు. అన్నంల రాయి తగిలినట్టు మాట మాటకు ఆగుతడని నేను నకలు జేస్తే ఏటా నవ్వుతరు.

ఆ ఏడు ఎవరూ నవ్వలే. రోజులు మంచిగ లేవు, అందరు ఏదో ఒకటి విడువాలె, త్యాగం జెయ్యాలె అన్నడు రేడియోల. నాకు సమజైంది గింతే. సావుకారికి ఇంకా ఎక్కువ సమజైనట్టుంది. రేడియో బందు జేసి నాయన దిక్కు తిరిగిండు. నూలు రేటు పెరిగి పిరమైంది, కండెలు చుట్టే ఆడమనిషిని తీసేస్తున్న, ఇగ ఎవరి కండెలు వాళ్ల ఇంటోళ్లే చుట్టుకోవాలె అన్నడు. కండె అంటే సాంచల అటూ ఇటూ ఉరికే నాడెల పెట్టే నూలు చుట్ట. అది అందకపోతే సాంచ ఉపాసం ఉంటది, సాంచతోని మేమూ ఉంటం.

నాయన నా దిక్కు చూసిండు. మొఖం దాక సుత రాలే ఆ చూపు, మోకాళ్ల కాడనే ఆగింది. చుట్టేటోళ్లు మా ఇంట్ల ఎవరున్నరని నేను మనసుల ఎంచుకున్న. అమ్మ పొద్దుమాపు బీడీలు చేస్తది, ఆమెకు పెయ్యి గోకునే తీరిక లేదు. చెల్లె ఒకటో తరగతి, కండెలు చుట్టే చరఖా దాక చేతులు అందయి. మిగిలింది నేనే.

మాపటికి అమ్మను అడిగిన, నన్ను బడి మాన్పిస్తరా అని. అమ్మ బీడీల చేట మీదికెల్లి తలెత్తలే.

"సంజెపూట అసుంటి మాట నోట్లకెల్లి తియ్యకు. తథాస్తు దేవతలు తిరుగుతుంటరు."

మనం ఏదంటే దానికి వాళ్లు తథాస్తు అంటరట, అట్లనే అయితదట. నేను నోరు మూసుకున్న. నేను నోరు మూసుకున్నంటే జరమచ్చిందేమోనని అమ్మ నొసలు పట్టి చూసింది.

తెల్లారి బడిల పెద్దసారు బెత్తంతోని వచ్చిండు. ఆయన కోస్తా దిక్కు మనిషి, మాట పుస్తకం లెక్క ఉంటది. ప్రసంగం విన్నారు కదా, దేశం కోసం ఎవరేం వదులుతారో ఒక్కొక్కరే లేచి చెప్పమన్నడు. ముందు బెంచోడు సినిమాలు వదిలిండు. ఇంకోడు చాయి వదిలిండు. సావుకారి కొడుకు పొద్దెక్కేదాక పండుడు వదిలిండు. సారు మురుసుకుంట బోర్డు మీద రాస్తుండు. వరుస నా దిక్కు వస్తుంటే బెంచి కింద నా కాళ్లు సాంచ లెక్క కొట్టుకుంటున్నయి. నాకు తెలిసిన త్యాగం ఒక్కటే, బడి విడుచుడు, అది నోటికొస్తే నిజమైతది. పొద్దుగాల దేవతలు తిరుగరులే అని ధైర్యం చెప్పుకున్న. మళ్ల అనుకున్న, సావుకారి సాంచలకే పగలొకటి, రాత్రొకటి రెండు పాళీలుంటే దేవతలకు పగటి పాళీ ఉండదా?

"నువ్వేం వదులుతావురా, వాచాలుడా?"

భయమైతే నా నోరు నన్ను అడుగకుండనే పనిజేస్తది. "లెక్కలు వదిలేస్త సార్," అన్న.

క్లాసంత గొల్లుమన్నది. ఎన్నడూ నవ్వని సారు సుత నవ్విండు. బెత్తం ఎత్తి, దీవెనిచ్చినట్టు నా నెత్తి మీద ఆనిచ్చిండు.

"తథాస్తు," అన్నడు.

వాళ్లు ఇంకా గట్టిగ నవ్వుతున్నరు. నాకు మాత్రం సాంచలన్నీ ఒక్కపారి ఆగినట్టయింది. బడి పోకుండ లెక్కలెట్ల పోతయి? ఒట్టిగన్న సార్, వాపసు తీసుకోండ్రి అందామనుకునేసరికి సారు పక్కోన్ని లేపిండు.

ఇంటికి పొయ్యేసరికి నాయన గడప మీద కూసున్నడు. అది ఆయన షెడ్డుల ఉండే టైము. మా నాయన ఎన్నడూ నన్ను అడుగడు, చెప్తడు. నీళ్లు తే అంటడు, బీడీ తే అంటడు. ఆనాడు అడిగిండు.

"రేపటిసంది నాతోని వస్తవా, బిడ్డా?"

వద్దంటే సరే అనేటట్టే అడిగిండు. అందుకే వద్దనరాలే. లెక్కల పీడ పోయింది నాయనా అన్న. లోపట అమ్మ ఆకు కత్తిరిచ్చే చప్పుడు ఆగింది.

మరుసటేడు పంద్రా ఆగస్టుకు నేను షెడ్డు లోపలి మనిషిని. వేళ్ల మీద నూలు కోసిన గీతలు. సాంచలు ఆగినయి, ట్రాన్సిస్టర్ స్టూలెక్కింది. అదే కోట, అదే ఆగి ఆగి మాట్లాడుడు. చెల్లె బడిలకెల్లి సీద నా కాడికే ఉరికొచ్చి, సగం జిలేబి నా నోట్ల పెట్టి, కండెల డబ్బా మీద కూసోని పలక తీసింది. ఏడాదిల చేతులు జర పొడుగైనయి. రేడియోల పెద్దాయన అందరు ఏదో చెయ్యాలె అని మొదలువెట్టి, ఆగిండు. ఆ ఆగిన కాడ సావుకారి తలకాయ తిప్పి డబ్బా మీది చెల్లె దిక్కు చూసిండు. ఊకనే చూసిండో ఏమో.

నేను లేచి రేడియో చెవి తిప్పిన.

"ఎవడ్రా తగ్గిచ్చింది?" అన్నడు సావుకారి.

ఆయన మా కులపోడే, పనిజేసే పిల్లలందరికీ మామ. "సెల్లులు అయిపోయినయి మామా," అన్న. "ఈ ఏడు ఆయన గొంతు విడిచిండు."

షెడ్డంత నవ్వింది, సావుకారి సుత. ఆ నవ్వులనే చెల్లె పలకను సంచిల కుక్కి, ఇంటికి ఉరుకుమన్న. సాంచలు మళ్ల మొదలయ్యేదాక నా కాళ్లు కొట్టుకుంటనే ఉన్నయి.