పాట వినిపించని ట్రక్కు

మా వేణుమాధవ్ అన్నకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తన పికప్ ట్రక్కులో పాట అద్భుతంగా వినపడాలని నాలుగేళ్ళుగా దానికి వైరింగ్ మారుస్తూనే ఉన్నాడు. ఆ నాలుగేళ్ళలో ఆ ట్రక్కులో ఒక్క పాటైనా విన్న మనిషి లేడు.

శనివారం పొద్దున కమ్మింగ్‌లోని మా సబ్‌డివిజన్ కాలనీలో అన్ని గరాజ్ తలుపులూ తెరుచుకుంటాయి. ఒకరు లాన్ మోవర్ బయటికి తీస్తారు, ఒకరు పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్తారు. వేణన్న బానెట్ ఎత్తుతాడు. వారమంతా అల్ఫారెట్టాలో ఒక బ్యాంకు డేటాబేస్‌లకి కాపలా కాసే పెద్దమనిషి, ఆ రోజు మాత్రం బొటనవేలంత లావు రాగి కేబుల్‌ని భుజాన వేసుకుని తిరుగుతుంటాడు.

"కంపెనీవాడిచ్చిన వైరు నరం లెక్క సన్నగున్నది తమ్మీ. సౌండ్ పెంచి ఒక్క దెబ్బ పడంగనే వోల్టేజ్ పడిపోతది," అని నాకు పాఠం చెబుతాడు. "పద్నాలుగు పాయింట్ నాలుగు నిలవాలె. నిలిచేదాకా పాట లేదు."

పాటకి బదులు పరీక్ష కోసం ఒక మోత వేస్తాడు. పాత ఫ్రిజ్ మూలిగినట్టు అది 'బుంయ్' అని పది నిమిషాలు మోగుతుంది. పక్కింటి అనిక ఒకరోజు సైకిల్ ఆపి అడిగింది.

"అంకుల్, నీ ట్రక్‌కి వన్ సాంగే వచ్చు కదా?"

"అది సాంగ్ కాదు బేటా, టెస్టింగ్."

"ఓకే. బట్ ఇట్స్ వెరీ లాంగ్," అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఆయన బెల్టుకి ఎప్పుడూ వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి వేలాడుతుంటుంది. ఎవరింట్లో గృహప్రవేశం జరిగినా, ప్రసాదం చేతిలో పడకముందే గరాజ్‌లోకి వెళ్ళి ప్లగ్గులో మీటర్ పెట్టి వస్తాడు. "నూట ఇరవై ఒకటి వోల్టులు. మంచి ఇల్లు," అని ఆ దంపతుల్ని దీవిస్తాడు. మా కాలనీలో పంతులుగారి ఆశీర్వచనం తర్వాత అందరూ ఎదురుచూసేది ఈ అంకె కోసమే.

"మొన్న పెళ్ళిరోజుకు గాజులు కొనుక్కొని చూపించిన," అని ఆయన భార్య జ్ఞానప్రసూన వదిన మా దగ్గర వాపోయింది. "వైరు లావు అడిగినట్టు ఎన్ని గేజ్ అని అడిగిండు."

ఒకసారి రాగి అని నమ్మి కొన్న కేబుల్‌ని చాకుతో గీకి చూస్తే లోపల అల్యూమినియం బయటపడింది. రెండు రోజులు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. మేము నలుగురం పరామర్శకి వెళ్ళి, చేతులు కట్టుకుని ఆ కేబుల్ చుట్టూ నిలబడి వచ్చాం.

"ఏ పాట కోసం అన్నా ఈ తిప్పలన్నీ?" అంటే మాత్రం ఒకటే జవాబు. "ముందు వైరింగ్ కానియ్."

ఇలా ఉండగా తెనాలిలో మా చెల్లెలు అలేఖ్య పెళ్ళి కుదిరింది. నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు వెళ్తే తిరిగి రావడం మీ చేతుల్లో ఉండదని లాయర్ తేల్చి చెప్పింది. అప్పటికే నేను ఇల్లు చూసి ఆరేళ్ళయింది. లాజహోమంలో చెల్లెలి దోసిట్లో పేలాలు పోయాల్సిన అన్నని నేను. ఆ పని మా పిన్ని కొడుకు రుత్విక్‌కి అప్పగించారు. "వీడియో కాల్‌లో చూద్దువులే అన్నయ్యా," అని అలేఖ్య మామూలుగా అనేసింది. అది ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఎవరికైనా చెప్పుకుందామని వేణన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన ట్రక్కు కిందనుంచి తల బయటపెట్టి అంతా విన్నాడు.

"మేళం ఉన్నదా, బ్యాండా?"

"మేళమే అన్నా. అయినా ఇప్పుడది ఎందుకు?"

"ముహూర్తం ఎన్నిటికి?"

"అక్కడ శనివారం రాత్రి ఎనిమిది నలభై. మనకి పొద్దున పదకొండు పది."

"ఐదు వారాలున్నది. సాలు," అని మళ్ళీ ట్రక్కు కిందికి దూరిపోయాడు. ఈ మనిషికి తీగలు తప్ప మనుషులు పట్టరు అనుకుంటూ, కోపంగా ఇంటికొచ్చేశాను.

పెళ్ళిరోజు పొద్దున్నే ఆయనే వచ్చి, పట్టుపంచె కట్టుకోమని, నన్ను తీసుకెళ్ళి ట్రక్కులో కూర్చోబెట్టాడు. నా ఫోన్ తీసుకుని ఏదో వైరుకి తగిలించాడు.

"కాల్ మాట్లాడేటప్పుడు ఫోన్‌కు మేళం అంటే గోల. గోలని కోసేస్తది," అన్నాడు. "అందుకే మన పెళ్ళిళ్ళల్ల గట్టిమేళం టైముకు అత్తమ్మల ముచ్చట్లే వినొస్తయి. రుత్విక్‌తోని ఆ సెట్టింగ్ తీపిచ్చిన. డోలాయన పక్కన కుర్చీ ఏసి, దాని మీద ఇంకో ఫోన్ పెట్టిచ్చిన."

"రుత్విక్ నీకెలా తెలుసు?"

"పదిరోజుల సంది రోజూ మాట్లాడుతున్న," అని బానెట్ ఎత్తి దాని వెనక మాయమయ్యాడు.

వదిన స్టీలు గిన్నెలో అక్షింతలు తెచ్చి కిటికీలోంచి అందించింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. నాలుగేళ్ళ కింద ఆయన చెల్లెలి పెళ్ళికీ వీసా అడ్డమొచ్చిందట. ఆఫీస్ పార్కింగ్‌లో ఇదే ట్రక్కులో కూర్చుని ఫోన్‌లో పెళ్ళి చూశాడట. సరిగ్గా గట్టిమేళానికి సౌండ్ పూర్తిగా పెంచితే, వోల్టేజ్ పడిపోయి మొత్తం ఆగిపోయింది. మళ్ళీ మోగేసరికి అక్కడ జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు.

"ఆనాటి సంది ఈ తీగలు పట్టిండు," అంది వదిన. "ఇంకెవ్వరికి అట్ల కావద్దంటడు."

ఫోన్‌లో చూస్తే వీడియోగ్రాఫర్ వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ నీలం చొక్కా వెనకే ఎక్కడో మా చెల్లెలు జీలకర్ర బెల్లం పట్టుకుని ఉంది. పంతులుగారి గొంతు పెరిగింది. ఎవరో "మేళం, మేళం" అన్నారు.

డోలు నా సీటులోంచి వెన్నులోకి ఎక్కింది. సన్నాయి నెత్తిమీద మోగింది. ట్రక్కు అద్దాలు అదిరాయి గానీ మేళం ఆగలేదు, తగ్గలేదు. నేను తెనాలిలో, మా వాళ్ళ మధ్య, చెల్లెలికి రెండడుగుల దూరంలో నిలబడ్డాను. ఆ రెండు నిమిషాలూ నాకు ఏ వీసా అక్కర్లేదు. గిన్నెలో అక్షింతలన్నీ ఫోన్ మీద చల్లాను. సగం ఏసీ రంధ్రాల్లోకి పోయాయి.

మేళం అయ్యాక బానెట్ దిగింది. వేణన్న మీటర్ వైర్లు చేతిలో వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"వోల్టేజ్ ఎంత పడింది అన్నా?"

"చూడలే తమ్మీ."

"అదేంటి?"

"మేళం నడుస్తుంటె మీటర్ ఏం చూస్తం," అని ముఖం తుడుచుకున్నాడు. మీటర్‌ని మళ్ళీ బెల్టుకి తగిలించుకున్నాడు. "మళ్ళ టెస్ట్ చెయ్యాలె. మీ ఇంట్ల పెళ్ళి కావాల్సినోళ్ళు ఇంకెవరున్నరు?"

"బాబాయి కూతురుంది. టెన్త్ చదువుతోంది."

"పర్వాలే," అంటూ బానెట్ మళ్ళీ ఎత్తాడు. "అప్పటికి నువ్వు ఊరికి పోయినా పోతవ్. పోలేదనుకో, అందాక రెండో బ్యాటరీ పెట్టి ఉంచుత."