గోడాదరా బస్సులో డబ్బాల లెక్క

ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష రోజున నేను బడి మానేశాను. పరీక్ష రాసినా ఫలితం అదే అయ్యేది కాని, మా సారుకు నా పేపరు దిద్దే శ్రమ తప్పించాను. ఆయనకు నేను చేసిన గురుసేవ అదొక్కటే. అలాంటి నన్ను సూరత్‌లో ఒక కంపెనీ పిలిచి, చేతిలో ఫోను పెట్టి, బస్సుల్లో మనుషులను లెక్కపెట్టమంది. జీతం ఇచ్చి మరీ.

అంతకుముందు ఇరవై రెండేళ్లు సాంచాలు నడిపాను. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ చప్పుడుకు కుడి చెవి సగం పోయింది. నిలబడి నిలబడి ఎడమ మోకాలు పూర్తిగా పోయింది. వేరే పని వెతుక్కుంటుంటే ఇది దొరికింది.

చెప్పడానికి తేలికైన పనే. స్టాపు రాగానే ఎంతమంది ఎక్కితే ఫోనులో ఆకుపచ్చ బొత్తాం అన్నిసార్లు నొక్కాలి. దిగినవాళ్లకు ఎర్ర బొత్తాం. ఆ లెక్క ఆఫీసులో కంప్యూటరుకు చేరుతుంది. ఏ బస్సు నిండుగా పోతోంది, ఏది ఖాళీగా పోతోంది అని అక్కడ ఒక సాఫ్ట్‌వేరు గీతలు గీస్తుంది. ఆ గీతలు చూసి, ఏ బస్సు ఉండాలో ఏది పోవాలో పెద్దవాళ్లు తేలుస్తారు. టికెట్ల మిషన్ ఉంది కదా అంటే, నెలవారీ పాసులవాళ్లు అందులో పడరట. అందుకని నాలాంటి మనిషి కావలసి వచ్చాడు.

గీతలు చూసే ఇంజనీరు కోస్తా అమ్మాయి, మా పెద్ద కూతురి వయసు. మొదటి రోజు ఓపిగ్గా అన్నీ నేర్పి, "అర్థమైందాండీ?" అంది.

"అయింది మేడమ్. ఎక్కితే పచ్చ, దిగితే ఎరుపు. మరి పడితే?"

"పడితే ముందు లేపండి."

ఈ పిల్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి అని అప్పుడే అనుకున్నాను. అనుకోవడం వరకే.

నాకు ఇచ్చింది పొద్దున్నే గోడాదరా నుంచి ఖటోదరాకు పోయే బస్సు. మా ఆవిడ పోయేది కూడా అందులోనే. ఖటోదరాలో ఒక యూనిట్‌లో చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. మా బావమరిది అక్కడే పక్క షెడ్డులో సాంచాలు నడుపుతాడు. బస్సు నిండా తెలంగాణ నుంచి వలస వచ్చిన మా బాపతు జనమే.

మొదటి రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి నిజాయితీగా నొక్కాను. నిజాయితీకి మోచేతి పోట్లు చాలా తగిలాయి. ఎక్కేవాళ్లు నన్ను బస్సులో ఒక భాగం అనుకుని పట్టుకుని ఎక్కేవారు. కండక్టరు ప్రతి స్టాపులో "కాకా, బాజూ మా" అంటూ నన్ను పక్కకు తోసేవాడు. ఒకసారి నా బొటనవేలి మీద ఎవరిదో సంచి పడి, ఆకుపచ్చ బొత్తాం దానంతటదే ఏడుసార్లు నొక్కుకుంది. ఆ స్టాపులో ఎక్కింది ఒక్క ముసలాయన.

మూడో రోజు నాకు తెలివి వచ్చింది.

మా సాంచాల షెడ్డులో హాజరు పిలిచేవాళ్లు కాదు. పిలిచినా ఆ చప్పుడులో ఎవరికీ వినిపించదు. గోడకు వరసగా మేకులుండేవి, వచ్చినవాడు తన టిఫిన్ డబ్బా మేకుకు తగిలించేవాడు. మా ముకాదం, అంటే పనివాళ్లను చూసుకునే ఆయన, ఆ గోడ వైపు ఒకసారి చూసి ఎంతమంది వచ్చారో చెప్పేవాడు. ఎన్ని డబ్బాలో అన్ని తలలు. ఇరవై రెండేళ్లలో ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు.

ఈ బస్సులోనూ రద్దీకి డబ్బాలు పట్టుకోలేక చేతులు మార్చి మార్చి ముందుకు పంపేస్తారు. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద అవన్నీ గుట్టగా చేరతాయి. దిగేటప్పుడు మళ్లీ చేతులు మారుతూ వెనక్కి పోతాయి. ఇంకేం! ఇంజను పక్కన జాగా చూసుకుని దర్జాగా కూర్చున్నాను. వచ్చే డబ్బాకు పచ్చ, పోయే డబ్బాకు ఎరుపు. చదువుకున్న ఇంజనీర్లకు తట్టనిది నాకు తట్టిందే అని రెండు వారాలపాటు నా బుర్రను నేనే మెచ్చుకున్నాను.

ఒక సాయంత్రం మా ఆవిడ బెండకాయలు కోస్తూ అంది, "ఒకటో తారీకు నుంచి మన బస్సు బందట. కండక్టర్ చెప్పిండు."

"ఎందుకట?"

"ఖాళీగ పోతుందట."

నేను మంచినీళ్లు తాగుతున్నాను. పొలమారింది.

"ఖాళీ అట, ఖాళీ! ఇయ్యాల నా కాలు మీద ముగ్గురు నిలవడ్డరు. దిగినంక చూస్తే నా కాలికి ఎవరిదో చెప్పున్నది. నువ్వు ముందట కూసోని ఏం లెక్కపెడ్తున్నవు?"

"నేను సరిగ్గనే పెట్టిన. ఆ కంప్యూటర్ల ఏదో గడబిడ ఉంటది."

నోరు లేనిదాని మీదికి తప్పు తోసేయడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మా ఆవిడ కత్తిపీట పక్కకు పెట్టింది.

"అయితే రేపు పోయి దానికే చెప్పు. దీని తర్వాత బస్సు ఎక్కితే మేం పోయేటాళ్లకు గేటు మూస్తరు. నాలుగు రోజులు గేటు బయట నిలవడ్డననుకో, ఐదో రోజు నా కత్తెర ఇంకొకరి చేతుల ఉంటది. నా ఒక్కదానిది కాదు, బస్సుల ఉన్నోళ్లందరి సంగతి గంతే."

మర్నాడు బస్సు పని కాగానే, కంప్యూటరుకు నాలుగు చీవాట్లు పెట్టాలని ఆఫీసుకు పోయాను. మేడమ్ తెర నా వైపు తిప్పింది. మిగతా బస్సుల గీతలు ఎగుడుదిగుడుగా కొండల్లా ఉన్నాయి. నా బస్సుది ఇస్త్రీ చేసిన చీర అంచులా చదునుగా పడుకుంది.

"మొదటి రెండు రోజులు బాగానే ఉందండీ. ఇదిగో, మూడో రోజు నుంచి పడిపోయింది. ఆ రోజు ఏమైంది?"

ఆ రోజు నాకు తెలివి వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. అటూ ఇటూ చూసి, చివరికి డబ్బాల సంగతి చెప్పేశాను. మేకులు, ముకాదం, ఇంజను మూత, అన్నీ. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"మీ ఇంటినుంచి ఆ బస్సులో ఎంతమంది వెళ్తారండీ?"

"ఇద్దరు. నా భార్య, బావమరిది."

"ఎన్ని డబ్బాలు?"

వేళ్లు మడవబోతే ఒక్క వేలితోనే ఆగిపోయింది. ఒకటే డబ్బా. మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు గేటు దగ్గర కూర్చుని కలిసి తింటారు. ఆ డబ్బా మూత బిగించి రోజూ చేతికిచ్చేది ఎవరు? నేనే. మా షెడ్డు రోజుల్లో అందరం ఒంటరిగా వచ్చిన మగవాళ్లం, ఎవడి డబ్బా వాడిది. ఇప్పుడు బస్సులో పోయేవి కుటుంబాలు. మొగుడు, పెళ్లాం, మరిది, ముగ్గురికీ కలిపి ఒక పెద్ద డబ్బా. ఆ డబ్బాలు మోసే జనం మధ్యే బతుకుతూ, ఆ సంగతి తెలియనివాడిని నేనొక్కడినే.

"పోనీ మేడమ్, డబ్బాకు మూడు చొప్పున గుణించేస్తే?"

"మీరు మళ్లీ తెలివి చూపించకండి," అంది ఆమె. అప్పుడు నవ్వింది.

తరువాత చేసిన పని మాత్రం నవ్వుతూ చేసేది కాదు. నా రెండు వారాల లెక్కను తన చేత్తోనే కొట్టేసింది. పైవాళ్లకు రాసింది, తను చూసుకోకపోవడం కూడా తప్పేనని కలిపి రాసింది. ఒకటో తారీకుకు నాలుగు రోజులే ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ముందు గుమ్మం దగ్గర తను, వెనక గుమ్మం దగ్గర నేను నిలబడి, ఇద్దరం రెండు గుమ్మాలనూ చూస్తూ విడివిడిగా నొక్కాలి. రెండు లెక్కలూ కలిస్తేనే పైవాళ్లు నమ్ముతారు. కలవకపోతే బస్సు పోయినట్టే.

ఇంట్లో నిజం చెప్పాను. మర్నాడు పొద్దున మా ఆవిడ నింపిన డబ్బా నా ముందు ఠక్కున పెట్టి, "ఇది ఎందరిదో అడిగి మూత పెట్టు," అంది. బస్సు ఎక్కగానే సంగతి అందరికీ చెప్పింది.

ఇక చూడండి నా వైభవం! బస్సులో అందరూ పెద్దక్క అని పిలిచే ఒకామె ఉంది, చీరలు మడతపెట్టే పనిలో ముప్ఫై ఏళ్లుగా ఉన్నది. ఆమె ఎక్కుతూనే నా భుజం పట్టుకుంది.

"తమ్మీ, నన్ను రెండుసార్లు నొక్కు. నా ఒళ్లు చూసినవా? ఇద్దరి జాగ పడ్తది."

"అట్ల కాదక్కా, మేడమ్ లెక్కతోని కలవాలె."

"డబ్బాలకు లేని కట్టుబాటు నాకొచ్చిందా?"

ఇద్దరు ఆడపిల్లలు ముందు గుమ్మంలో దిగి, వెనక గుమ్మంలో మళ్లీ ఎక్కారు, నాకు సాయం చేద్దామని. వాళ్లను ఎరుపులో వేయాలా, పచ్చలో వేయాలా, చెవి మెలిపెట్టి కూర్చోబెట్టాలా అని యాప్‌లో ఎక్కడా రాయలేదు. ఒక్కసారి మాత్రం, మా ఆవిడ ఎక్కుతుంటే బొటనవేలు తనంతట తనే రెండుసార్లు నొక్కింది. తరువాతి స్టాపులో ఎవరూ దిగకపోయినా ఎరుపు ఒకసారి నొక్కి సరిచేశాను. నాలుగు రోజులూ మోకాలు సలుపుతూనే ఉంది. రోజూ ఆఖరి స్టాపులో దిగాక మేడమ్, నేను ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లం. ఒక రోజు ఇద్దరు తేడా వచ్చారు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. మిగతా మూడు రోజులూ అంకెకు అంకె కలిసింది.

ముప్ఫయ్యో తారీకు మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసింది. "ఉంచుతున్నారండీ. ఆ ఇద్దరి తేడాను పట్టించుకోలేదు. అదే బస్సు, అదే టైము." నా ఉద్యోగం కూడా ఉందట. అయితే ఇకనుంచి ఆదివారాలు డుమస్ బస్సు లెక్క కూడా నాదే. సముద్రం చూడ్డానికి పోయేవాళ్లు డబ్బాలు తీసుకెళ్లరు కాబట్టి భయం లేదంది.

మర్నాడు ఖటోదరా దగ్గర పడుతుండగా బస్సు మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, పెళ్లిలో ఆశీర్వచనం చదివేవాడిలా చేయెత్తి చెప్పాను, "అందరు వినుండ్రి! మన బస్సు ఎక్కడికి పోదు. నేను పోయి మాట్లాడిన, పని అయింది."

చప్పట్లు కొడతారేమోనని ఒక క్షణం ఆగాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది. స్టాపు వచ్చింది. పెద్దక్క సంచి సర్దుకుంటూ లేచింది.

"బస్సు పోతదని మా పానం తీసింది నువ్వే, ఉంటదని చెప్పబట్టింది నువ్వే. ఈ నడుమ రోజూ ఎక్కింది మాత్రం మేము. జర జరుగు తమ్మీ, దిగేటోళ్లున్నరు."